పైడి ఒళ్ళో చిల్లు ముంత

అనగనగా, ఏ వాకిట చూసినా కుండలు ఆరే ఒక ఊళ్ళో పైడి అని ఒక పిల్ల ఉండేదట. వాళ్ళ నాన్న అప్పన్న కుండలు చేసేవాడు. ఆవంలోంచి కాలిన కుండలు తీశాక, వాటిని తట్టి చూసే పని మాత్రం పైడిదే.

తట్టడం ఎలాగో తెలుసా? వేలు మడిచి, ఇదిగో ఇలా, కణుపుతో మెల్లగా. కంగుమంటే మంచి కుండ, వరసలో పెట్టెయ్యడమే. డొక్కుమంటే ఎక్కడో చిల్లో బీటో ఉన్నట్టు. అప్పుడు పైడి పెద్ద ఆరిందాలా, "నాన్నా, ఇది కుప్పకే!" అనేది. అప్పన్న దాన్ని పెరట్లో పెంకుల కుప్ప మీదికి విసిరేసేవాడు. ఫెళ్ళున పగిలేది. పైడి చప్పట్లు కొట్టేది.

ఇలా ఉండగా ఒకనాడు పైడి బెల్లం ఉండ కొరికితే దవడ పన్ను జివ్వుమంది. నాలికతో తడుముకుని చూసుకుంది. పంట్లో చిల్లు!

పిల్ల గబుక్కున నోరు మూసేసుకుంది. ఎవరికీ చెప్పలేదు.

ఆ తర్వాత అమ్మ జంతిక పెడితే కోడికి వేసింది. చెరుకు ముక్క ఇస్తే మేకకు పెట్టింది. చల్లని నీళ్ళిస్తే తాగినట్టే తాగి చెట్టుకు పోసింది. కోడి బలిసింది, మేక బలిసింది, చెట్టు చిగిర్చింది. పైడి మాత్రం చిక్కిపోయింది.

అప్పుడు వాళ్ళమ్మ గడ్డం పట్టుకుని చూసి, "అయ్యో, పిల్లకి బుగ్గ వాచింది!" అంది.

"రేపు పట్నంలో పళ్ళ డాక్టరమ్మకి చూపిస్తాలే," అన్నాడు అప్పన్న. "భయమేం లేదమ్మా. ఒక్కో పన్నూ తట్టి చూస్తుంది, అంతే."

తట్టి చూస్తుందట! పైడి భయమంతా అదే కదా. తడితే డొక్కుమంటుంది. డొక్కుమంటే కుప్పకే. తను మాత్రం ఎన్ని కుండల్ని పంపలేదు?

తెల్లారింది. బస్సెక్కే ముందు పైడి పెరట్లోకి పరిగెత్తింది. కుప్ప మీద పగలకుండా మిగిలిన చిల్లు ముంత ఒకటి కనిపించింది. దాన్ని తీసి, దుమ్ము దులిపి, "నువ్వూ నేనూ ఒకటే," అని ఒళ్ళో పెట్టుకుని బస్సులో కూర్చుంది.

డాక్టరమ్మ తెల్లకోటు వేసుకుని, మూతికి గుడ్డ కట్టుకుని ఉంది. పైడిని పొడుగు కుర్చీలో కూర్చోబెడితే కుర్చీ దానంతటదే పైకి లేచింది.

"నోరు తెరు తల్లీ." పైడి పెదాలు బిగించింది. "ఆ అను బంగారం." పైడి ముక్కుతో "మ్మ్" అంది. "పోనీ కొంచెమే, చీమ దూరేటంత." చీమ కాదు కదా, చీమ మీసం కూడా దూరలేదు.

అప్పుడు డాక్టరమ్మ పైడి ఒళ్ళో ముంతను చూసింది. వేలితో తట్టింది. డొక్కుమంది. "భలే ఉందే! గట్టి ముంత," అంది, పాపం, తెలియక.

పైడి ఉండబట్టలేకపోయింది. "గట్టిది కాదు! చిల్లుంది! నా పంట్లోనూ ఉంది! నన్నూ కుప్పలో పడేస్తారా?" అని భోరుమంది.

అప్పన్న నిలుచున్నచోటే చతికిలబడ్డాడు. "ఓసి నా తల్లీ! నిన్ను పడేస్తానా!" అని పిల్ల పాదాలు రెండూ గుండెకు హత్తుకున్నాడు.

డాక్టరమ్మ మూతిగుడ్డ లాగి తన నోరే తెరిచి చూపించింది. "ఇదిగో, నా పంట్లోనూ పడింది చిల్లు. పూడ్చారు. నన్నెవరూ పారెయ్యలేదే! నాది పూడ్చే పనమ్మా. కాస్త జివ్వుమంటుంది. ఓర్చుకోలేకపోతే చెయ్యెత్తు, ఆపేస్తాను."

"ఒట్టు?"

"ఒట్టు."

అప్పుడు పైడి నోరు తెరిచింది. చిన్న అద్దం లోపలికెళ్ళింది. టక్కు టక్కుమని పళ్ళు తడుతుంటే పైడి చెవి ఒగ్గి వింది. తర్వాత మిషను జుయ్యిమంది, అచ్చం నాన్న కుండలు చేసే సారె తిరిగినట్టు. పైడి చెయ్యెత్తింది. ఆగింది. నీళ్ళు ఉమ్మి మళ్ళీ తెరిచింది. జివ్వుమంది, మళ్ళీ ఎత్తింది. ఆగింది. మూడోసారి నొప్పీ లేదు గిప్పీ లేదు, నిజంగా ఆపుతుందా లేదా చూద్దామని ఎత్తింది. ఆగింది!

"దొంగా!" అంది డాక్టరమ్మ.

చిల్లులో తెల్లటి ముద్ద పెట్టి, నీలం దీపం చూపించి గట్టిపరిచింది. "ఆవం లేకుండానే కాల్చేశారే!" అన్నాడు అప్పన్న.

ఇంటికి రాగానే పైడి జంతిక కరకరలాడించింది. కోడి చూసి చూసి వెళ్ళిపోయింది. చిల్లు ముంతలో మట్టి పోసి మెంతులు చల్లింది. చిల్లుంటేనే కదా నీళ్ళు నిలవకుండా ఉండేది!

ఆ తర్వాత మళ్ళీ ఆవం తీశారు. ఒక కుండ డొక్కుమంది. అప్పన్న విసరబోయాడు. అంతలో ఆగిపోయాడు.

ఎందుకు ఆగాడో చెప్పుకో?

పైడి చెయ్యెత్తింది.

రేపు పళ్ళ డాక్టరమ్మ దగ్గర నువ్వూ ఓర్చుకోలేకపోతే చెయ్యెత్తు బంగారం. నేను పక్కనే ఉంటాగా. ఏదీ, ఒకసారి ఎత్తి చూపించు... ఆఁ, అంతే. ఇక కళ్ళు మూసుకో.

కథేమో కంచికి,
కుండేమో పొయ్యికి,
మెంతులేమో పెరటికి,
మనమేమో మంచానికి.