నీలం ముక్క మీద ఊరు

అనగనగా ఒక అడవి. అందులో పులీ లేదు, సింహమూ లేదు. ఏరు వెళ్ళి సముద్రంలో కలిసే చోట, ఉప్పునీళ్ళలో మోకాళ్ళ దాకా దిగి నిలబడ్డ మడ అడవి అది. అక్కడ రోజుకి రెండుసార్లు నీళ్ళు పొంగుతాయి, రెండుసార్లు తగ్గుతాయి. చెట్ల వేళ్ళ మధ్య వెలుతురు ఆకుపచ్చగా ఊగుతూ ఉంటుంది. కాసేపు చూస్తే చాలు, కళ్ళు వాటంతట అవే మూతపడతాయి.

ఆ నీళ్ళలో ఒక నీలం ప్లాస్టిక్ ముక్క తేలుతూ ఉండేది. ఎవరింట్లోనో బకెట్ పగిలితే కాలవలో పారేశారు. అది ఎండకి పెళుసెక్కి, రాళ్ళకి రాసుకుని, విరిగి విరిగి చివరికి గసగసాల గింజంత మిగిలింది. మీ ఇంటి బకెట్ కాదులే, కంగారు పడకండి. ఏమో, అయినా అయ్యుండొచ్చు.

ఆ గింజంత ముక్క మీద ఒక ఊరుంది. సూక్ష్మజీవుల ఊరు. కంటికి కనపడరు కదా అని వాళ్ళు లేరనుకునేరు, వేలమంది ఉన్నారు. వాళ్ళలో బంకమ్మ అనే ఆవిడ పని బంక తీయడం. అలలొచ్చినా ఎవరూ కొట్టుకుపోకుండా అందరినీ ఆ ముక్కకి అంటించి ఉంచేది ఆవిడ బంకే. పొద్దున లేస్తే "బంకమ్మొదినా, ఇక్కడ కాస్త ఊడింది" అని ఒకటే పిలుపులు. ఆవిడకి ఊపిరి తీసుకునే తీరిక ఉండేది కాదు. అలా తీరిక లేకపోవడమే ఆవిడకి గొప్పగా ఉండేది.

ఊరి పెద్ద పాచితాత. తమ ఇల్లు కుళ్ళదని, కరగదని, అలాంటి ఇల్లు తిమింగలానికి కూడా లేదని ఆయన రోజూ చెప్పేవాడు. పైగా చేపలు ఎక్కడెక్కడినుంచో వాసన పట్టి వచ్చేవి. తమని చూడటానికే వస్తున్నాయని ఊరంతా మురిసిపోయేది.

ఒకరోజు ఒక చేపపిల్ల వచ్చి ఆ ముక్కని గుటుక్కున మింగేసింది. మర్నాటికి ఊరంతా దాని కడుపులోంచి బయటపడింది. చుట్టాలింటికి వెళ్ళొచ్చినట్టు అందరూ ఒకటే కబుర్లు. బంకమ్మ మాత్రం వెనక్కి తిరిగి చూసింది. ఆ చేపపిల్ల నీరసంగా పక్కకి ఒరిగిపోతూ ఈదుతోంది.

ఇంకోరోజు ఒక బుల్లి పీత ఆ ముక్కని నోట్లో పెట్టుకుంది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా నమిలింది. పక్కనుంచి నిజమైన తిండి కొట్టుకుపోతున్నా పట్టించుకోలేదు. చివరికి ఉమ్మేసి, ఇంత కమ్మటి వాసన వస్తోంది కానీ లోపల ఏమీ లేదని ఏడుస్తూ బొరియలోకి పోయింది.

ఆ మాట బంకమ్మకి ముల్లులా గుచ్చుకుంది. వెళ్ళి పాచితాతని అడిగింది, ఆ వాసన ఎక్కడిదని. పాచితాత మీసం లేకపోయినా మీసం దువ్వుకున్నాడు. ముక్కకి వాసనెక్కడిది పిచ్చిదానా, అది మన ఊరి వాసనే అన్నాడు. ఆ రోజు నుంచి బంకమ్మకి పని మీద మనసు లేదు.

మూడోసారి మీసాలమ్మ అనే రొయ్య వచ్చింది, వెనకాల పిల్లలతో. అప్పుడప్పుడే నోరు తెరిచి తినడం నేర్చుకుంటున్న పిల్లలు. వాసన ఎటొస్తే అటు వెళ్ళండి నాన్నా అని వాళ్ళకి నేర్పుతోంది తల్లి. అందరికంటే చిన్నది, చిట్టి, మీసాలు ముందుకి చాపి సూటిగా నీలం ముక్క వైపే వస్తోంది. చిట్టి పేగు దారప్పోగంత సన్నం. ముక్క అందులోకి వెళ్ళిందా, ఇక బయటకి రాదు. ఆ పిల్ల బతకదు.

బంకమ్మ పాచితాత దగ్గరికి పరిగెత్తింది.

"తాతా, నేను బంక వదిలేస్తున్నాను" అంది.

"వదిలేస్తే మనం ఎక్కడికి పోతాం? పుట్టి బుద్ధెరిగాక ఈ ముక్క తప్ప మనకింకేం తెలుసు?" అన్నాడు పాచితాత.

"నాకూ తెలీదు. భయంగానే ఉంది. కానీ ఆ పసిది మన వాసన చూసే వస్తోంది. మనం లేకపోతే ఈ ముక్క జోలికి ఎవరూ రారు."

ఒక్కొక్కరినీ తన చేత్తో అంటించింది ఆవిడే. ఇప్పుడు ఒక్కొక్కరినీ వదిలింది. జల్లెడలోంచి పిండి రాలినట్టు ఊరంతా నెమ్మదిగా నీళ్ళలోకి రాలింది. కొందరు తిట్టారు, కొందరు ఒకరి చేయి ఒకరు పట్టుకున్నారు. పాచితాత ఒక్కడే ముక్క అంచుని పట్టుకుని వేలాడాడు. రమ్మని బంకమ్మ ఎంత పిలిచినా రాలేదు.

చిట్టి వచ్చి ముక్కని మీసంతో తాకి చూసింది. వాసన లేదు. పక్కకి తప్పుకుని అమ్మ దగ్గరికి వెళ్ళిపోయింది. ముక్క పాచితాతతో సహా, వెనక్కి తగ్గుతున్న నీళ్ళ వెంట సముద్రంలోకి సాగిపోయింది. ఊరివాళ్ళు మళ్ళీ ఆయన్ని చూడలేదు.

ఊరు ఆ ఆకుపచ్చ వెలుతుర్లో చాలాసేపు కిందికి దిగుతూ పోయింది. చివరికి మెత్తటి దాని మీద వాలింది. అది మడచెట్టు నుంచి రాలిన పండుటాకు. బంకమ్మ భయపడుతూనే ఒకసారి కొరికింది. పళ్ళు దిగాయి. తీపి, వగరు, ఉప్పు కలిసిన రుచి. పుట్టాక మొదటిసారి ఆవిడ తన ఇంటిని తిన్నది. ఆ సంతోషానికి ఏడుపొచ్చింది.

నాలుగు రోజులకి ఆకు మెత్తబడి పొడిపొడిగా రాలడం మొదలైంది. ఊరి వాసన మళ్ళీ నీళ్ళలోకి పాకింది. ఆ వాసనకి చిట్టి మళ్ళీ వస్తుంటే, ఈసారి ఏమవుతుందోనని బంకమ్మ ఆకు అంచుకి వచ్చి చూసింది. చిట్టి ఆకు పొడి తిన్నది, ఇంకా తిన్నది, పొట్ట ఉబ్బేదాకా తిన్నది. తిని అక్కడే ఆకు మీద నిద్రపోయింది.

నీతి: మనకెంత సుఖంగా ఉన్నా, పరాయి పిల్లల కడుపు కొట్టే చోటు మన ఇల్లు కాదు.