కత్తులు ఎవరి చేతికి

శిస్తు తగ్గించమంటూ జనం కోట వాకిట్లో బైఠాయించారు. ఆ కోపాన్ని పొరుగు దేశం మీదికి మళ్ళిస్తే తన పీడ విరగడవుతుందనుకున్నాడు రాజు. ఆ దేశపు రాయబారిని అవమానించి వెళ్ళగొట్టి, యుద్ధం చాటించి, కమ్మరి నాగోజును పిలిపించాడు.

"ఇంటికొకడు యుద్ధానికి రావాలి. అందరికీ కత్తులు చెయ్యి."

శిస్తు కట్టలేక కొలిమి తాకట్టు పెట్టినవాడు నాగోజు. అయినా వినయంగా చేతులు కట్టుకున్నాడు.

"అలాగే ప్రభూ. ఆ ఇంటికొకడూ ఇప్పుడు తమ వాకిట్లోనే కూర్చున్నాడు. కత్తులు కాగానే అక్కడే పంచెయ్యమంటారా?"

రాజు కిటికీలోంచి వాకిట్లోకి చూశాడు. చాలాసేపు చూశాడు.

పొద్దుగూకేలోపు శిస్తు సగమైంది. పట్టుశాలువా పట్టుకుని ఒక రౌతు రాయబారి వెంట పరుగెత్తాడు. ఇంతకీ పొరుగువాళ్ళతో తగువు దేనికొచ్చిందంటే, మంత్రిక్కూడా గుర్తు రాలేదు.