చీటీలు కట్టిన కప్పలు

గవర్రాజు, నరసరాజు, తాతరాజు అన్నదమ్ములు. గోదావరి లంకల దగ్గర వాళ్ళకో కొబ్బరిపీచు కంపెనీ ఉంది. పీచు ఊరబెట్టడానికి షెడ్డు వెనక ఓ మడుగు, తాళ్ళు పేనడానికి నలభైమంది ఆడవాళ్ళు, వాళ్ళ మీద మేస్త్రీగా మరిడమ్మ. ఇన్ని ఉన్నా అన్నదమ్ములు గొప్పగా చెప్పుకునేది మాత్రం తమ తెలివి గురించే.

"మా ముగ్గురికీ ఒక్క బుర్ర చాలండి. మిగతా రెండూ అరిగిపోకుండా దాచుకున్నాం" అనేవాడు గవర్రాజు. మూడోది కూడా దాచేసుకున్నారని ఊళ్ళో అందరికీ తెలుసు.

వాళ్ళ కంపెనీలో ఒక పద్ధతుంది. లెక్కపెట్టిన ప్రతిదానికీ పీచుతాడుతో చీటీ కట్టాలి. తాళ్ళ చుట్టలకీ, బుట్టలకీ, ఆఖరికి ఇంట్లో గరిటెలకీ చీటీలే. చీటీ లేకపోతే అది లేనట్టే లెక్క.

ఓ రోజు వీళ్ళ తాళ్ళన్నీ కొనే పట్నం కంపెనీ నుంచి వకుళ అనే ఆఫీసరమ్మ వచ్చింది.

"మా కంపెనీ కొత్త లక్ష్యాలు పెట్టుకుందండీ. మాకు సరుకిచ్చేవాళ్ళూ పాటించాలి. ఐదేళ్ళలో మీ ఆవరణలో జీవవైవిధ్యం పెరగాలి. అంటే పిట్టలు, కప్పలు, చేపలు, రకరకాల ప్రాణులన్నమాట. ముందు ఏమేం ఉన్నాయో లెక్కపెట్టండి. చెత్త గేటు దాటి బయటికి పోకూడదు. కాగితాల మీద రాస్తే చాలదు, నా కళ్ళకి కనపడాలి. మూడు నెలల్లో వస్తాను. ఏమీ కనపడకపోతే ఆర్డరు ఇవ్వలేం" అని చెప్పి వెళ్ళిపోయింది.

మరిడమ్మ ఇదంతా విని లెక్కేసుకుంది. ఆర్డరు పోతే నలభై ఇళ్ళలో పొయ్యి వెలగదు.

"బాబుగారూ, ఆ మడుగు జోలికెల్లకుండా వదిలేత్తే చాలండి. అందులో లేని పురుగంటూ లేదండి" అంది.

"వదిలేస్తే లక్ష్యం ఎలా అవుద్ది మరిడమ్మా? అమలు చెయ్యాలి!" అన్నాడు గవర్రాజు.

అంతే. కమిటీ వేసేశారు. గవర్రాజు అధ్యక్షుడు, నరసరాజు ఉపాధ్యక్షుడు, తాతరాజు సభ్యులు.

ముందు లెక్క. లెక్కంటే చీటీ కట్టాలిగా! మడుగులోకి దిగి నలభై కప్పల్ని పట్టి కాలికో చీటీ చొప్పున కట్టారు. సీతాకోకచిలుకకి కడితే ఎగరలేక కూలబడింది. "అలిసిపోయినట్టుంది, కుర్చీ వెయ్యి" అన్నాడు నరసరాజు. కొంగలు ఈ సంబడం చూసి, కట్టించుకోకుండానే ఊరు దాటిపోయాయి. ఓ ముసలి నీరుకట్టె పాము మాత్రం దొరికింది. దానికి నడుం ఎక్కడో తేలక తోకకి కట్టారు.

ఇవన్నీ పారిపోతే లెక్క తప్పుతుందని కప్పల్నీ పామునీ కలిపి గోదాములో పెట్టి తాళం వేశారు. ఇంకేముంది! తెల్లారేసరికి పాము ఉంది, కప్పలు లేవు.

"నలభై కప్పలు ఏమైపోయాయిరా?" అని గవర్రాజు గోల.

తాతరాజు పాము పొట్ట తడిమి చూసి, "ఎక్కడికీ పోలేదన్నియ్యా, అన్నీ ఇందులోనే ఉన్నాయి. లెక్క సరిపోయింది" అన్నాడు. గవర్రాజు పుస్తకంలో రాసుకున్నాడు: కప్పలు నలభై, పాము ఒకటి, అందరూ క్షేమం.

తరవాత చెత్త. పీచు పొట్టు కొండలా పేరుకుపోయింది. గేటు దాటకూడదన్నారు, నిజమే. మరి గేటే లేకపోతే? ముగ్గురూ కలిసి గేటు పీకి అవతల పారేసి, పొట్టంతా బండ్లకెత్తి రోడ్డు మీద పోయించారు. "ఒక్క గుప్పెడు గేటు దాటితే ఒట్టు!" అని చెమట తుడుచుకున్నాడు నరసరాజు.

ఇంక వారంలో ఆఫీసరమ్మ వస్తుంది. మడుగులో చేపలున్నాయి గానీ కంటికి కనపడటం లేదు. ముగ్గురూ గట్టు మీద కూర్చుని తెగ ఆలోచించారు. తప్పెవరిదో తేలింది. నీళ్ళది.

మరిడమ్మ కాళ్ళావేళ్ళా పడింది. "వద్దు బాబూ, సచ్చిపోతాయండి! మా పొట్టలు కొట్టకండి!" వింటేగా! ఇంజను పెట్టి నీళ్ళన్నీ తోడేశారు. చేపలు బ్రహ్మాండంగా కనపడ్డాయి. వీళ్ళకే కాదు, ఊరంతటికీ. గేటు లేదాయె, బుట్టలతో వచ్చి ఎత్తుకుపోయారు. గవర్రాజు కళ్ళు చెమర్చాయి. "చూశారా, జనానికి ఎంత శ్రద్ధో!" అంటూ పుస్తకంలో "ప్రజల భాగస్వామ్యం" అని రాశాడు.

వకుళ వచ్చింది. బీటలు వారిన మడుగు చూసింది. తోకకి చీటీతో పాకుతున్న పామునీ చూసింది. తల పట్టుకుని గట్టు మీదే కూలబడింది.

మరిడమ్మ చేతులు జోడించింది. "ఒక్క వాన పడనీయండమ్మా. ఈళ్ళు చెయ్యి పెట్టకపోతే అన్నీ అయ్యే వత్తాయండి."

వకుళ లేచి మట్టి దులుపుకుంది. "సరే. పాత ఆర్డరు ఇంకో ఏడాది నడిపిస్తాను. పనంతా మరిడమ్మ చూసుకుంటుంది. మీ ముగ్గురూ ఇవాళ్టి నుంచి ఏడాదిపాటు ఏమీ చెయ్యకండి. ఏమీ అంటే ఏమీ!"

"ఆయ్! మాటంటే మాటేనండి" అన్నారు ముగ్గురూ.

అంతే. మూడు కుర్చీలేసుకుని కూర్చున్నారు. దోమ కుట్టినా తోలలేదు. అన్నం మాత్రం తిన్నారు. అది వంటమనిషి చేసింది, వీళ్ళు చేసింది కాదుగా!

మరిడమ్మ గేటు మళ్ళీ పెట్టించింది. పీచు ఊరబెట్టడానికి మడుగు బదులు సిమెంటు తొట్టి కట్టించింది. పొట్టు కొబ్బరితోటలకి ఎరువుగా పంపింది. వానలు పడ్డాయి. మడుగు నిండింది. నీటి మీద తూడు తీగ అల్లుకుంది, కప్పలు అరిచాయి, నీటికోళ్ళు గుడ్లు పెట్టాయి, కొంగలు మందలుగా తిరిగొచ్చాయి. ఎవరూ ఏ లక్ష్యమూ చెప్పకుండానే అన్నీ వచ్చాయి.

ఏడాది నిండటానికి ఇంకా నాలుగు రోజులుండగానే వకుళ వచ్చి మడుగు చూసి మురిసిపోయింది. కొత్త ఆర్డరు కాగితం తీసి, "ఇవాళే పంపాలి. సంతకం చెయ్యండి" అని గవర్రాజు ముందు పెట్టింది.

గవర్రాజు కదల్లేదు. "ఇంకా నాలుగ్రోజులుందండి. ఏమీ చెయ్యొద్దన్నారు కదండీ."

"నేనే చెప్తున్నానుగా!"

"మీరే చెప్పారు కదండీ!"

షెడ్డులో నలభై జతల చేతులు ఆగిపోయాయి. మరిడమ్మ ఒక్క ఉదుటున వచ్చి, గవర్రాజు వేళ్ళ మధ్య కలం ఇరికించి, ఆ చెయ్యి పట్టుకుని కాగితం మీద నడిపించేసింది. సంతకం పడింది. ఆడవాళ్ళంతా ఊపిరి పీల్చుకున్నారు.

తాతరాజు మాత్రం బావురుమన్నాడు. "అన్నియ్యా, చేసేశావు! ఏడాదంతా పాడైపోయింది!"

గవర్రాజు బిక్కమొహంతో ఆలోచించి ఆలోచించి, "ఏడవకురా. మాట తప్పుతామా? ఇవాళ్టి నుంచి మళ్ళీ మొదటి రోజు" అన్నాడు.

ఆ మాట చెవిన పడగానే మరిడమ్మ పరుగున వెళ్ళి మూడు కుర్చీల్లోకీ మెత్తటి దిండ్లు తెచ్చి వేసింది.