ముడతలు ఒలిచే లేపనం

తూముకోట రాజులు చేసిన మూడు యుద్ధాలకు తేదీలు దొరకవు గాని, రాజమాత మల్లమదేవికి అరవై నిండగానే కొలువులోకి వచ్చిపడిన వైద్యుడు సౌగంధికుడి బిరుదులన్నీ శాసనాలలో భద్రంగా ఉన్నాయి. ఆయన నల్లరాతి గిన్నెలో తెచ్చిన ఘాటైన లేపనం ముఖం మీది ముదురు చర్మాన్ని పొరగా ఒలిచేసి, కింద దాగిన పదహారేళ్ల ముఖాన్ని బయటికి తెస్తుందట.

రాజకుటుంబం ఒంటికి తగలబోయేది ఏదైనా ముందుగా ఒక దాసికి పూసి చూడడం ఆ నగరి ఆచారం. ఈసారి వంతు వంటపాత్రలు తోమే ముసలి సంకమ్మది. కాదంటే కొలువు పోతుంది, అవునంటే ముఖం పోయేలా ఉంది.

వైద్యుడు పొడవాటి కొయ్యపుల్లను గిన్నెలో ముంచాడు.

"పుల్ల ఎందుకు స్వామీ? చేత్తోనే పూయండి," అంది సంకమ్మ.

"చేతికి తగలకూడదు."

"తగిలితే మీ వేళ్లూ పడుచువవుతాయి గదా."

"తెలివితక్కువదానా, వేళ్లు కాలిపోతాయి," అన్నాడాయన విసుగ్గా.

సంకమ్మ రాజమాత వైపు తిరిగి చేతులు జోడించింది. "తల్లీ, స్వామివారి అరచేతి తోలుకన్నా తమరి చెక్కిలి తోలు మందమని శాస్త్రంలో ఉంటే చదివి వినిపించమనండి. వెంటనే పూయించుకుంటాను."

రాజమాత తన చెంపను ఒకసారి తడుముకుంది.

"గిన్నె ఇక్కడే వదిలి వెళ్లండి స్వామీ," అంది. "సంకమ్మా, మసిపట్టిన గుండిగలకు పనికొస్తుందేమో చూడు. పుల్లతోనే సుమా."