ఊయల కొక్కెం దగ్గర నీటి చుక్క

అనగనగా కాకినాడలో ఒక అపార్ట్‌మెంటు ఉండేదిట. అందులో రెండో అంతస్తులో భ్రమరాంబ అని ఒకావిడ ఉండేది. మనిషి మంచిదే పాపం, కాకపోతే నోరు కాస్త పెద్దది. నాలాగే అనుకో. నవ్వకు, పడుకుని విను.

ఆ భ్రమరాంబకి ఒక్కతే కూతురు. పేరు మాధురి. నెలలు నిండి, పురిటికి అమ్మ దగ్గరికి వచ్చింది. భ్రమరాంబ కాళ్ళు నేల మీద నిలవలేదనుకో.

వాళ్ళ పడగ్గది చిన్నది. మంచం, బీరువా పోగా బాత్‌రూమ్ గుమ్మం ముందు కాస్త చోటు మిగిలింది. అక్కడ పైకప్పులో ఒక ఇనప కొక్కెం ఉంది. ఇల్లు కట్టేటప్పుడే మేస్త్రి పక్కన నిలబడి మరీ పెట్టించుకుంది. ఎందుకనుకున్నావు? మనవలకి ఊయల కట్టడానికి. ఇరవై ఒకటో రోజున బారసాల చేసి, బిడ్డకి పేరు పెట్టి, ఊయల్లో వేస్తారు కదా, అందుకన్నమాట. ఆ ఊయల కోసం ఆవిడ పదిహేనేళ్ళుగా ఎదురుచూస్తోంది.

ఒకరోజు పొద్దున్న ఆవిడ గది ఊడుస్తోంది. టప్‌మని నెత్తి మీద ఒక చుక్క పడింది. తలెత్తి చూస్తే కొక్కెం చుట్టూ ఇంత మేర తడి. ప్రాణం ఉసూరుమంది.

అప్పుడు పైనింటికి వెళ్ళింది. పైన హారిక అని ఒక చిన్నపిల్ల ఉండేది. చిన్నపిల్ల అంటే నీ అంత కాదులే, మూడు నెలల పాపకి తల్లి. మొగుడు పొద్దున్నే ఉద్యోగానికి పోతే చీకటి పడ్డాకే రావడం. పాపని చూసుకుంటూ ఒక్కతే ఉండేది.

"మీ బాత్‌రూమ్ కారుతోందమ్మాయ్" అంది భ్రమరాంబ. హారిక సరే చూపిస్తానంది. మధ్యాహ్నం ప్లంబరు వచ్చాడు. కుళాయిలు తిప్పాడు, గొట్టాలు తడిమాడు. "అంతా పొడిగానే ఉందండి" అని వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత భ్రమరాంబ రంగులవాడిని పిలిచింది. అతను తడి చోటంతా గీకి, లప్పం పెట్టి, తెల్లగా రంగు వేశాడు. నాలుగు రోజులు బాగానే ఉంది. అయిదో రోజున ఆ తెల్లరంగు పొక్కులు లేచి, టీ ఒలికినట్టు మరక తేలింది.

అప్పుడు అపార్ట్‌మెంటు సెక్రటరీగారు ఒక ఉపాయం చెప్పారు. హారిక బాత్‌రూమ్‌కి వచ్చే నీళ్ళు ఒక రోజంతా కట్టేయమన్నారు. కట్టేశారు. అయినా చుక్కలు పడ్డాయి! "అయితే గొట్టాల తప్పు కాదు, వానకి స్లాబు చెమ్మగిల్లింది, అంతే" అని ఆయన చేతులు దులుపుకున్నారు. వాన పడి నెలైందయ్యా మహానుభావా అంటే వింటాడా!

భ్రమరాంబ మళ్ళీ పైకి వెళ్ళింది. ఈసారి హారిక తలుపు ఓరగా తీసింది. "మా ఇంట్లో ఏ లీకూ లేదు ఆంటీ. మనుషులొచ్చి గోడలు కొడుతుంటే పాప ఉలిక్కిపడి లేస్తోంది" అని తలుపేసేసింది. భ్రమరాంబ ఆ గుమ్మంలోనే నాలుగు మాటలనేసి దిగి వచ్చింది. అనకుండా ఉండాల్సింది. ఆ పిల్ల కళ్ళు అప్పటికే ఎర్రగా ఉన్నాయి.

ఆ తర్వాత రెండు రోజులకి మాధురి ఆ కొక్కెం కింద నిలబడి తల దువ్వుకుంటోంది. దువ్వెన పెట్టేద్దామని అవతలికి జరిగిందో లేదో, దభీమని పైకప్పు పెచ్చు ఊడి, తను నిలబడ్డ చోటే పడింది. పళ్ళెమంత పెచ్చు! భ్రమరాంబ పరుగున వచ్చింది. కూతుర్ని పట్టుకుని బావురుమంది. రేపు ఇక్కడ ఊయల్లో పసిగుడ్డు ఉంటే? ఆ మాట నోటితో అనడానికి కూడా ఆవిడకి ధైర్యం చాల్లేదు.

మర్నాడు పొద్దున్నే కుర్చీ వేసుకుని ఆ కొక్కెం వైపు చూస్తూ కూర్చుంది. ఎనిమిదైంది, చుక్క లేదు. తొమ్మిదైంది, లేదు. పది కావస్తుండగా పై కిటికీలోంచి సాంబ్రాణి వాసన వచ్చింది. ఆ వెనకే టప్, టప్, టప్. రెండో రోజూ అంతే. మూడో రోజూ అంతే. ముందు సాంబ్రాణి, వెనక చుక్క.

పసిపిల్లకి నీళ్ళు పోశాకే కదా సాంబ్రాణి వేస్తారు! భ్రమరాంబకి అప్పుడు వెలిగింది. ప్లంబరేమో మధ్యాహ్నం వచ్చాడాయె. నీళ్ళు కట్టేసిన రోజునేమో ముందే బకెట్లు నింపుకున్నారు. ఇంకెలా తెలుస్తుంది?

నాలుగో రోజు సరిగ్గా ఆ వేళకి కొంగు బిగించి పైకెళ్ళింది. తలుపు తీసే ఉంది. లోపల, పసిపిల్లలకి స్నానం చేయించడానికి రోజూ వచ్చే నూకాలు పాపకి నీళ్ళు పోస్తోంది. కాళ్ళు చాపుకుని, పాపని కాళ్ళ మీద వేసుకుని, చెంబులతో ధారగా పోస్తోంది. ఎక్కడ కూర్చుందనుకున్నావు? నీళ్ళు పోయే తూము దగ్గర కాదు. బాత్‌రూమ్ గుమ్మంలో! అక్కడ నేలకి వాలు లేదు. నీళ్ళు నిలిచి, గడప పక్క పలకల సందుల్లోకి గుటగుటా దిగిపోతున్నాయి.

"అక్కడ కూర్చున్నావేమే నూకాలూ! తూము ఆ మూలుంటే!" అని అరిచింది భ్రమరాంబ.

"ఆ మూల కమోడుంది కదమ్మగారూ! దానెదురుగా కూకుని సంటిబిడ్డకి నీళ్ళెలా పోత్తానండీ?" అంది నూకాలు.

భ్రమరాంబ ఆ మూలకేసి చూసింది. నిజమే. తనైనా అక్కడే కూర్చునేది. అంత కోపమూ ఏమైపోయిందో తనకే తెలియలేదు.

హారిక పాపని తువ్వాలులో చుట్టుకుని ఏడుపు మొదలెట్టింది. "నాకు తెలీదు ఆంటీ, ఒట్టు. ఇప్పుడు అదంతా పగలగొడతారా? ఆ దుమ్ములో పాపని ఎక్కడ పెట్టుకోను? నీళ్ళెక్కడ పోయించను?"

"మా ఇల్లు లేదూ? మా వంటింటి వెనక బాల్కనీలో ఎండ పడుతుంది, తూము కూడా ఉంది. రేపటినించి పాప స్నానం అక్కడే" అంది భ్రమరాంబ. నోరు పెద్దదన్నానా, మనసు ఇంకా పెద్దది.

ఆ తర్వాత మేస్త్రి వచ్చాడు. గుమ్మం దగ్గర పలకలు తీసి, నీరు దిగకుండా మందు పూసి, తూము వైపుకి వాలు చేసి మళ్ళీ పలకలు పరిచాడు. రెండు రోజులు అక్కడ నీళ్ళు నిలవబెట్టి చూశాడు. కింద ఒక్క చుక్క పడలేదు. ఆ పని సాగిన పది రోజులూ పాప భ్రమరాంబ కాళ్ళ మీదే కేరింతలు కొట్టింది. ఈలోగా మాధురికి కొడుకు పుట్టాడు.

బారసాల ఇంకో మూడు రోజులుందనగా మేస్త్రి కిందింట్లో నిచ్చెనెక్కి కొక్కేన్ని సుత్తితో తట్టి చూశాడు. తుప్పు పొడిపొడిగా రాలింది. "లోపల తినేసిందమ్మా. దీనికి పసిబిడ్డని వేలాడదీయొద్దు. కొత్తది వేసినా, స్లాబు ఆరేదాకా ఊయల కట్టకూడదు" అన్నాడు.

భ్రమరాంబ మంచం మీద కూలబడిపోయింది. ఇన్నేళ్ళు చూసుకున్న కొక్కెం! పండగపూట మనవణ్ణి పక్క మీద పడుకోబెట్టి పేరు పెట్టుకోవాలా అని కళ్ళ నీళ్ళు పెట్టుకుంది.

ఆ మాట విని హారిక మెట్లు దిగి వచ్చింది. "మా ఇంట్లో పాపకి ఊయల కట్టే ఉంది ఆంటీ. బాబు బారసాల మా ఇంట్లో చేసుకుందాం" అంది.

అలాగే చేశారు. హారిక ఇల్లంతా పేరంటాళ్ళతో నిండిపోయింది. ఊయల్లో పడుకున్న తన పాపని హారిక ఎత్తుకుని పక్కకి తప్పుకుంది. అప్పుడు భ్రమరాంబ మనవణ్ణి ఊయల్లో వేయబోతూ ఆగి, "మీ పాప పేరేంటమ్మా? ఎప్పుడూ బుజ్జి అనే వింటున్నాను" అంది.

హారిక తల వంచుకుంది. "పేరు పెట్టలేదు ఆంటీ. మా అత్తగారి పేరు పెట్టాలని మా ఆయన వైపువాళ్ళు, మా నాయనమ్మ పేరని మావాళ్ళు. పంతాలకి పోయి ఎవరూ రాలేదు. బారసాల చేయనే లేదు. ఖాళీ ఊయల్లో నేనే పడుకోబెట్టేశాను."

భ్రమరాంబ మనవణ్ణి ఎత్తుకునే హారిక దగ్గరికి జరిగింది. "మరి మీ ఇద్దరికీ ఏ పేరిష్టం?" అంది.

హారిక, ఆ రోజు సెలవు పెట్టి ఇంట్లోనే ఉన్న మొగుడి వైపు చూసి, మెల్లిగా చెప్పింది. "చందన."

భ్రమరాంబ ఊయల్లో మనవణ్ణి ఒక పక్కకి జరిపి పడుకోబెట్టింది. చేతులు చాపి, హారిక దగ్గర్నించి పాపని తీసుకుని రెండో పక్కన పడుకోబెట్టింది. ముందు ఆ పిల్ల చెవి దగ్గరే వంగి, "చందనా, చందనా, చందనా" అని మూడుసార్లు పిలిచింది. ఆ పిల్ల బోసినోటితో నవ్వింది.

చుక్క చుక్క ఆగింది,
జంటగ ఊయల ఊగింది,
కథ కంచికి సాగింది,
నీ కన్ను నిద్రకు తూగింది.