చెయ్యి పొడుగైన అంగీ

ఎల్స్‌పెత్‌కు నిద్ర లేకుండా చేసింది ఒక అంగీ.

వేల్స్ కొండల్లో పాతకాలపు దేవతల్ని కొత్తగా కొలుచుకునే చిన్న బృందం ఒకటుంది. దానికి పెద్ద మార్గెడ్. ఆమె దగ్గర ఏడాదిగా శిష్యరికం చేస్తోంది ఎల్స్‌పెత్. ఏడాదిలోకెల్లా పొడుగైన పగలు వచ్చే రోజున, వేకువనే ఆమెకు దీక్ష. దీక్ష తీసుకునేవాళ్ళు తమ అంగీ తామే కుట్టుకోవాలి. అది అక్కడి ఆనవాయితీ.

ఎల్స్‌పెత్ కుట్టింది. ఎన్ని తంటాలు పడ్డా ఎడమ చెయ్యి జానెడు పొడుగొచ్చింది. మెడ వంకరపోయింది. దానికి తోడు మొన్నటి ఉత్సవంలో వేరే బృందాలవాళ్ళు వెండి జరీ అంగీల్లో తిరుగుతుంటే చూసొచ్చింది. ఇక ఆమె ప్రాణం ఉసూరుమంది.

"ఇది తొడుక్కుని నలుగురిలో ఎలా నిలబడనమ్మా? ఎందుకూ పనికిరాదు, పారేయండి," అంటూ దాన్ని మార్గెడ్ ముందు పెట్టింది.

"సరే, అక్కడ పెట్టి వెళ్ళు," అంది మార్గెడ్.

మందలింపూ లేదు, ఓదార్పూ లేదు. బతికిపోయాననుకుని ఎల్స్‌పెత్ బజారుకు పరిగెత్తింది.

దీక్ష రోజు వేకువన, బజారులో కొన్న ఊదారంగు మఖమల్ అంగీలో కొండెక్కింది. అంచు చుట్టూ జరీ చంద్రవంకలు. చూసుకుని తనే మురిసిపోయింది, పాపం.

పైకొచ్చి చూసింది. దీక్ష కోసం వేసిన మంట ముందు మార్గెడ్ నిలబడి ఉంది. ఒంటి మీద ఆ వంకర అంగీ! ఎడమ చేతి వేళ్ళు కనపడటమే లేదు. ఒక్కరూ నవ్వలేదు. ఎప్పటిలాగే ఒక్కొక్కరూ వచ్చి ఆమెకు తలవంచి, మంట చుట్టూ తమ చోట నిలబడుతున్నారు.

చివరికి ఎల్స్‌పెత్ వంతు వచ్చింది.

"నీ అంగీ ఎవరు కుట్టారు?" దీక్షలో అందరినీ అడిగే మాటే అడిగింది మార్గెడ్.

ఎవరు కుట్టారో ఎల్స్‌పెత్‌కేం తెలుసు? సిగ్గుతో చెవులు వేడెక్కాయి. ఎదుట, గురువు మెడ దగ్గర, తను విప్పి విప్పి మళ్ళీ వేసిన కుట్టు కనిపించింది. వేలికి సూది గుచ్చుకుని ఏడ్చింది అక్కడే. ఉన్నట్టుండి దానిమీద చెప్పలేనంత ప్రేమ పుట్టుకొచ్చింది.

"అమ్మా, మీరు తొడుక్కున్నది నాది. నాకిచ్చేయండి."

"పనికిరాదన్నావుగా?"

"నాకు పనికొస్తుంది!"

ఆ కేక కొండంతా వినిపించింది. మార్గెడ్ అంగీ విప్పి ఇచ్చింది. లోపల, ఆమె తన దీక్షకు కుట్టుకున్న పాత అంగీ ఉంది. దాని అంచు ఒకపక్క మడమ దాకా, ఇంకోపక్క మోకాలి దాకా. ఏడాదిగా దానికి తలవంచుతూ కూడా ఎల్స్‌పెత్ అది గమనించనేలేదు.

మఖమల్‌ను గడ్డిమీద పడేసి తన అంగీ తొడుక్కుంది.

"నీ అంగీ ఎవరు కుట్టారు?"

"నేనే!" అంటూ రెండు చేతులూ పైకెత్తింది. కొండ వెనక నుంచి ఎండ వచ్చి ముఖాన పడింది. పొడుగు చెయ్యి గాలికి జెండాలా రెపరెపలాడింది.

మార్గెడ్ పక్కకు జరిగి దారిచ్చింది.

"రా తల్లీ. మంట దగ్గర మాత్రం ఆ చెయ్యి మడుచుకో."