పదో చేప ఎటు పోయింది

మార్కండేయ గదికి ఎవరూ రావడం లేదు.

ఆ గది విశ్వవిద్యాలయంలో గణితశాస్త్ర భవనం కింది అంతస్తులో, వరండా చివర ఉంటుంది. పేరు సందేహాల గది. ఏ శాఖ విద్యార్థి అయినా సరే, లెక్కల్లోనో గణాంకశాస్త్రంలోనో ఎక్కడైనా ఇరుక్కుంటే మధ్యాహ్నం మూడు తర్వాత నేరుగా వచ్చి కూర్చోవచ్చు. ముందుగా చెప్పనక్కర్లేదు, పేరు రాయనక్కర్లేదు, ఫీజు లేదు. చెప్పులు మాత్రం బయట విడవాలి.

ఈ పద్ధతులన్నీ హమీదా బేగం గారు పెట్టినవి. ఆవిడ గణాంకశాస్త్రం ప్రొఫెసర్‌గా రిటైరయ్యారు గానీ ఆ గదిని మాత్రం వదల్లేదు. ఆవిడ ఉన్నన్నాళ్ళూ గుమ్మం బయట చెప్పులు మెట్ల దాకా పరుచుకుని ఉండేవి. వెళ్ళేటప్పుడు ఎవరి జత ఏదో వెతుక్కోవడానికే కొంతసేపు పట్టేది.

మోకాళ్ళ నొప్పులు ఎక్కువై, దసరా సెలవుల తర్వాత ఆవిడ గదిని మార్కండేయకు అప్పగించారు. అతను ఆవిడ శిష్యుడు. ఆవిడ దగ్గరే ఎమ్మెస్సీ చదివి, బంగారు పతకం తెచ్చుకుని, ఇప్పుడు పరిశోధన చేస్తున్నాడు. తాళంచెవి చేతిలో పడిన రోజు అతనికి పతకం మెడలో పడిన రోజు కంటే ఎక్కువ సంతోషమేసింది. పాపం, ఇష్టపడే తీసుకున్నాడు.

రాగానే గదిని తీర్చిదిద్దాడు. బల్లకు ఒక పక్క తన కుర్చీ, ఎదురుగా విద్యార్థి కుర్చీ వేశాడు. వరండాలో గోల వినపడకుండా తలుపు మూసి ఉంచాడు. గుమ్మం పైన మంచి ఫ్లెక్సీ కట్టించాడు: "గణితం, గణాంకశాస్త్రంలో వెనుకబడిన విద్యార్థులకు ఉచిత సహాయం." కింద తన పేరు, పేరు కింద బంగారు పతకం సంగతి.

ఇక విద్యార్థులు రావడమే తరువాయి. వాళ్ళు రాలేదు. బయట ఎప్పుడు చూసినా ఒకే జత చెప్పులు, అవి అతనివే.

గది ఖాళీగా కనబడితే ఆఫీసు వాళ్ళు ఊరుకుంటారా? నెలాఖరు దాకా చూస్తాం, అప్పటికీ ఎవరూ రాకపోతే సామాను పెట్టుకోవడానికి క్రీడా విభాగానికి ఇచ్చేస్తాం అన్నారు. క్రీడా విభాగం వాళ్ళకు అంత ఓపిక కూడా లేదు. ముందు వాలీబాల్ నెట్లు తెచ్చి ఒక మూల పడేశారు. తర్వాత క్యారం బోర్డులు వచ్చాయి. ఆ తర్వాత ఒక షాట్‌పుట్ గుండు వచ్చి విద్యార్థి కుర్చీలో కూర్చుంది. మార్కండేయ ఏలుబడిలో ఆ కుర్చీలో కూర్చున్నది అదొక్కటే.

అతనికి కోపం వచ్చింది, ఆ వెనకే ఏడుపూ వచ్చింది. మేడమ్ ఇన్నేళ్ళు నడిపిన గది తన చేతిలోకి వచ్చీ రాగానే మూతబడబోతోంది. ఆ సాయంత్రం ఆవిడ ఇంటికి వెళ్ళాడు.

"వీళ్ళకు చదువు మీద శ్రద్ధ లేదు మేడమ్. ఉత్తగ చెప్తమంటె గూడ వస్తలేరు. పరీక్షల ముంగట జిరాక్సులు కొట్టించుకునుడే వీళ్ళ చదువు."

హమీదా బేగం గారు టీ పోసి అతని ముందు పెట్టారు.

"నీ మూడో అధ్యాయం ఎంత దాక వచ్చింది బేటా?"

"మంచిగనే నడుస్తున్నది మేడమ్."

అది అబద్ధం. పరిశోధనలో మూడో అధ్యాయం ఒక మెట్టు దగ్గర వేసవి నుంచీ ఆగిపోయి ఉంది. ఎవరినైనా అడుగుదామంటే నోరు రాలేదు. బంగారు పతకం వచ్చినవాడు ఇంకొకరిని అడగకూడదని ఎక్కడా రాసి లేదు. అతనికి మాత్రం రాసి ఉన్నట్టే అనిపించేది.

"రేపు నేనొస్త," అన్నారు ఆవిడ.

మర్నాడు మూడింటికి ఆటో దిగి, చెప్పులు విడిచి, అద్దాలు సరిచేసుకుని ఫ్లెక్సీని చివరిదాకా చదివారు.

"అక్షరాలు మంచిగ పడ్డయి," అన్నారు.

మార్కండేయ పొంగిపోయాడు. లోపలికి తీసుకెళ్ళి తన కుర్చీ తుడిచి కూర్చోమన్నాడు. ఆవిడ అటు చూడనే లేదు. ఎదురు కుర్చీలో ఉన్న గుండును చూసి, "దీన్ని తలుపు కాడ పెట్టు," అన్నారు. అతను దాన్ని రెండు చేతులతో మోసుకెళ్ళి, తలుపు బార్లా తెరిచి, మళ్ళీ మూసుకోకుండా అడ్డం పెట్టాడు. తిరిగి చూసేసరికి ఆవిడ విద్యార్థి కుర్చీలో కూర్చుని ఉన్నారు.

"మేడమ్, మీరు ఆ కుర్చీలనా! ఎవరన్న చూస్తరు."

"చూడనీ."

వరండాలోంచి గాలి వచ్చింది. ఆవిడ ముక్కు ఎగబీల్చారు.

"ఈ వాసనేంది? చేపలను సీసాల పెట్టే మందు లెక్కున్నది."

"రోజూ ఇదే టైముకు వస్తది మేడమ్. గుమ్మం కాడ జరసేపు ఉండి పోతది. అందుకే తలుపేస్త."

హమీదా బేగం గారు శిష్యుడి ముఖంలోకి ఒకసారి చూశారు. తర్వాత గొంతు పెంచి, వరండాకు కూడా వినపడేలా అన్నారు.

"నాకొక డౌటున్నది. జర చెప్తవా?"

"మీకు నేను చెప్పుడేంది మేడమ్?"

"చెప్పు. నేను పది చేపలు పట్టి వాటి పొడుగు కొలిచిన అనుకో. సగటు తీసిన. ఒక్కొక్క చేప ఆ సగటుకు ఎంత దూరంల ఉన్నదో చూసి, ఆ దూరాలను వర్గం చేసి కూడిన. చేపలు పది, కాబట్టి పదితోని భాగించాలె. పుస్తకమేమో తొమ్మిదితోని భాగించుమంటున్నది. ఎందుకు?"

మార్కండేయకు నవ్వొచ్చింది. ఎమ్మెస్సీ మొదటి ఏడాదిలో తనకు ఈ పాఠం చెప్పింది ఆవిడే. సరే, పెద్దావిడ ముచ్చట పడుతున్నారు కదా అనుకున్నాడు.

"డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ మేడమ్. ఎన్ మైనస్ వన్."

"సమజ్ కాలె."

అతను లేచి బోర్డు మీద నిరూపణ రాశాడు. పై అంచు నుంచి కింది అంచు దాకా, ఒక్క చుక్క తప్పు లేకుండా, పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు దింపాడు. చివర గీత కొట్టి, చేతులు దులుపుకుని వెనక్కి తిరిగాడు.

"సమజ్ కాలె," అన్నారు ఆవిడ హాయిగా.

ఈసారి అతను అదే నిరూపణను మెల్లగా, గట్టిగా చెప్పాడు. చెవులు వినపడని వాళ్ళకు చెప్పినట్టే చెప్పాడు. చెమట పట్టింది. వరండాలో ఇద్దరు ముగ్గురు ఆగి చూస్తున్నారని తెలుస్తోంది. ఇంత పెద్ద ప్రొఫెసర్ ఇలా అడగడం, అదీ అందరూ చూస్తుండగా, అతనికి తల కొట్టేసినట్టుంది.

"ఉహూ. ఇప్పుడు గూడ సమజ్ కాలె బేటా. మళ్ళ చెప్పు." రెండో కప్పు టీ అడిగినంత తేలిగ్గా అన్నారు ఆవిడ.

"నాకు గూడ సమజ్ కాలేదు సార్."

ఆ మాట గుమ్మం దగ్గర్నుంచి వచ్చింది. తెల్లకోటు వేసుకున్న ఒక అమ్మాయి అక్కడ నిలబడి ఉంది. ఆమె వెనక ఇద్దరు స్నేహితురాళ్ళు నోటికి చున్నీలు అడ్డం పెట్టుకుని నవ్వు ఆపుకుంటున్నారు. మందు వాసన గదంతా కమ్ముకుంది.

"నా పేరు గంగామణి సార్. ఎమ్మెస్సీ జువాలజీ. రోజూ వస్తున్న. పైనున్న ఫ్లెక్సీ చదువుకొని మళ్ళ పోతున్న." చెప్పులు విడిచి లోపలికి వచ్చింది. "నేను నిజంగనే పది చేపలు కొలిచిన సార్. తొమ్మిదితోని భాగిస్తె మా గైడ్ సార్ టిక్కు పెట్టిండు. మరి పదో చేప ఎటు పోయింది సార్ అంటె, ఫార్ములా గట్లనే ఉంటది అన్నడు. సోమవారం సెమినార్ల అందరి ముందు నేనే చెప్పాలె. ఎవరన్న అడిగితె ఏం చెప్పను?"

మార్కండేయ నోరు తెరిచాడు. "డిగ్రీస్" దాకా వచ్చి ఆగిపోయాడు.

బోర్డు వంక చూశాడు. అంతా సరిగ్గానే ఉంది. పదో చేప మాత్రం అందులో ఎక్కడా లేదు. ఎటు పోయిందో తనకూ తెలియదని, ఇన్నేళ్ళలో తనకు ఆ ప్రశ్నే రాలేదని అతనికి అప్పుడు తెలిసింది. సిగ్గేసింది. దాంతోపాటే, చాలా రోజుల తర్వాత, తెలుసుకోవాలనీ అనిపించింది.

"ఆగమ్మా, ఒక్క నిమిషం. నన్ను గూడ జర ఆలోచించనీ."

సుద్దముక్క పట్టుకుని బల్ల దాటి ఇవతలికి వచ్చాడు. ఆడపిల్లలు కూర్చోవడానికి కుర్చీలు చాలవు. నేల మీద సగం నెట్లు, సగం క్యారం బోర్డులు.

"ఆ ఫ్లెక్సీ తీసుకొచ్చి పరవండి," అన్నారు హమీదా బేగం గారు. "నేల చల్లగున్నది."

ఆ పనికి పిల్లలు ఎంత ఉత్సాహంగా పరిగెత్తారో చెప్పనక్కర్లేదు. ఫ్లెక్సీ విప్పి, అక్షరాలు కిందికి పోయేలా తిరగేసి పరిచారు. మార్కండేయ కూడా వాళ్ళతోపాటు దాని మీదే కూర్చున్నాడు.

"పది వద్దు. మూడు చేపలు అనుకుందాం," అన్నాడు. "సగటు పొడుగు పది సెంటీమీటర్లు. ఒకటి పన్నెండు ఉన్నది. ఇంకోటి తొమ్మిది. మూడోది..."

"తొమ్మిది," అంది గంగామణి.

"నేనింక చెప్పనే లేదు. నీకెట్ల తెలిసింది?"

"ఇంకెంత ఉంటది సార్? సగటు పది రావాలంటె దానికి ఇంకో దారి లేదు కద. మొదటి రెండూ ఎంతన్న ఉండొచ్చు. మూడోది మాత్రం వాటి వెనక పోవాల్సిందే." అని ఆగింది. కళ్ళు పెద్దవయ్యాయి. "అంటే సార్, దానికి ఫ్రీడమ్ లేదు!"

మార్కండేయ సుద్దముక్క పట్టుకున్న చెయ్యి గాల్లోనే ఉండిపోయింది. డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ అన్న మాట అతను పరీక్షల్లో రాశాడు, క్లాసుల్లో చెప్పాడు, ఇందాక మేడమ్‌కు కూడా చెప్పాడు. అందులో స్వేచ్ఛ అనే మాట ఉన్నట్టు ఇప్పుడే విన్నాడు.

"మరి పది చేపలైతే?" అన్నాడు.

"తొమ్మిదింటికే ఫ్రీడమ్. పదోది కొత్తగ చెప్పేదేం లేదు." గంగామణి చప్పట్లు కొట్టేసింది. "అది ఎటూ పోలేదు సార్. సగటులనే ఉన్నది!"

"పాపం పదో చేప," అంది ఒక స్నేహితురాలు. గదిలో అందరూ నవ్వారు. మార్కండేయ అందరికంటే గట్టిగా నవ్వాడు.

ఆ నవ్వు విని వరండాలో ఆగినవాళ్ళు కూడా ఒక్కొక్కరే చెప్పులు విడిచారు. ఒకబ్బాయి మాత్రికల లెక్క తెచ్చాడు. సోషల్ వర్క్ చదివే అమ్మాయి ఒక సర్వే కాగితాల కట్ట పట్టుకొచ్చి, "ఇది అడగొచ్చో లేదో గనీ..." అని మొదలుపెట్టింది. కూర్చున్న చోటనే అందరూ కొంచెం కొంచెం జరిగారు.

ఆ సందడిలోనే క్రీడా విభాగం అటెండర్ సాంబయ్య భుజం మీద రెండు హర్డిల్స్ పెట్టుకుని గుమ్మంలోకి వచ్చాడు.

"మేడమ్, ఇవి ఏడ పెట్టాలె?"

"జాగ లేదు బేటా," అన్నారు హమీదా బేగం గారు తల తిప్పకుండానే.

సాంబయ్య గదంతా కలయజూశాడు. "అవు, లేదు," అని ఒప్పుకున్నాడు. పిల్లలు ఇబ్బందిగా కూర్చున్నారని మూలనున్న నెట్లు కూడా ఎత్తి భుజాన వేసుకున్నాడు. గుండు కోసం వంగబోతే ఆవిడ, "అది ఉండనీ, తలుపుకు కావాలె," అన్నారు.

ఎండ వరండా దాటి వెళ్ళాక పిల్లలు లేచారు. బయట చెప్పుల దగ్గర పాత గందరగోళమే మళ్ళీ మొదలైంది. "నాది ఎడమ కాలిది దొరకలేదే," అని గంగామణి కేక వినిపిస్తోంది.

మార్కండేయ బోర్డు తుడిచి, చేతులకంటిన సుద్ద కడుక్కుని వచ్చాడు. మనసులో ఉన్నది ఇక ఆగలేదు.

"మేడమ్, నిజం చెప్పండి. మీకు నిజంగనే సమజ్ కాలేదా?"

"మొదటిసారి అయింది," అన్నారు ఆవిడ. "రెండోసారికి డౌటొచ్చింది. మూడోసారి నువ్వు చెప్పినంక, నాకు తెలిసింది గూడ పోయింది."

ఇద్దరూ నవ్వుకున్నారు. ఆవిడ మోకాళ్ళ మీద చేతులు పెట్టి మెల్లగా లేచారు. ఆటో పిలవడానికి మార్కండేయ ఫోన్ తీశాడు. ఆవిడ గుమ్మం వైపు వెళ్ళలేదు. బల్ల చుట్టూ తిరిగి, అవతలి పక్కనున్న అతని కుర్చీలో కూర్చున్నారు. తను ఇందాకటి దాకా కూర్చున్న కుర్చీని కళ్ళతో చూపించారు.

"ఇంక వెచ్చగనే ఉన్నది," అన్నారు.

మార్కండేయ తలుపు వంక చూశాడు. గుండు అడ్డం ఉంది, తలుపు బార్లా తెరిచే ఉంది. వరండాలో పిల్లలు ఇంకా చెప్పులు వెతుక్కుంటున్నారు. వాళ్ళంతా తనను సార్ అన్నవాళ్ళే.

ఫోన్ జేబులో పెట్టి, సంచిలోంచి మూడో అధ్యాయం తీశాడు. వేసవి నుంచీ తిప్పి తిప్పి ఆ కాగితాల అంచులు నలిగిపోయి ఉన్నాయి. విద్యార్థి కుర్చీలో కూర్చుని, ఆగిపోయిన చోట వేలు పెట్టాడు.

"మేడమ్, ఇక్కడ నాకు సమజ్ కాలె," అన్నాడు మెల్లగా.

హమీదా బేగం గారు చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్నారు.

"వరండా దాక వినవడలే బేటా."